పాత ఫ్యామిలీ వ్యాన్ నడిరోడ్డుపై ఆగితే.. ఇంజిన్ లోపాన్ని గుర్తించే క్రమం ఇదీ

జంషెడ్‌పూర్: పదిహేనేళ్లు దాటిన కుటుంబ వ్యాన్ హఠాత్తుగా మొరాయించినప్పుడు యజమానికి కలిగే నష్టంలో ఎక్కువ భాగం లోపం వల్ల కాక, దానిని తప్పుగా అంచనా వేయడం వల్లే కలుగుతుంది. ఒక్క ప్లగ్గు తీగ మార్చితే సరిపోయే చోట కార్బొరేటర్ మొత్తం విప్పించడం, నీరు మరిగిన ఇంజిన్‌ను మరో పది కిలోమీటర్లు లాగించి హెడ్డు పాడు చేసుకోవడం, బ్యాటరీ తీగ వదులైతే కొత్త బ్యాటరీ కొనడం ఇందుకు ఉదాహరణలు. లక్షణాన్ని సరిగా గమనించి, ఒక క్రమంలో ఒక్కొక్క అనుమానాన్ని తొలగించుకుంటూ పోతే మెకానిక్ వచ్చేలోపే లోపం ఏ విభాగంలో ఉందో చాలావరకు తేలిపోతుంది.

జార్ఖండ్‌లోని ఈ ఉక్కు నగరానికి వాహన పరిశ్రమతో సంబంధం ఈనాటిది కాదు. 1907లో స్థాపించిన టాటా ఉక్కు సంస్థ చుట్టూ పెరిగిన ఈ పట్టణంలో 1945లో టెల్కో ఏర్పాటైంది. అదే నేటి టాటా మోటార్స్. ఇక్కడి కర్మాగారంలో ట్రక్కులు తయారవుతుండగా, వాటికి విడిభాగాలు అందించే చిన్న పరిశ్రమలు పొరుగున ఉన్న ఆదిత్యపూర్‌లో వెలిశాయి. అయితే సాక్చీ, మాంగో, గోల్ముడి వీధుల్లో కుటుంబాలు వాడుకునే పాత వాహనాల సంగతి వేరు. వీటిలో మారుతి ఓమ్ని వంటి పెట్రోలు వ్యాన్‌లకు ప్రత్యేక స్థానం ఉంది. ఉపాధి కోసం తరాల క్రితమే ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో ఎన్నో ఉన్నాయి. బహరాగోడా, బాలేశ్వర్, భువనేశ్వర్ మీదుగా శ్రీకాకుళం చేరాలంటే రోడ్డు మార్గం ఏడు వందల కిలోమీటర్లు దాటుతుంది. అంత దూరం పిల్లాపాపలతో వెళ్లే పాత వ్యాన్ మధ్యలో ఆగిపోతే ఏం చూడాలో తెలిసి ఉండడం అవసరం.

సీటు కింద ఇంజిన్

మారుతి సంస్థ 1984లో 'మారుతి వ్యాన్' పేరుతో దీనిని విపణిలోకి తెచ్చింది. 1988లో పేరు ఓమ్నిగా మారింది. మారుతి 800 కారులో వాడిన 796 సీసీ, మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్‌నే ఇందులోనూ అమర్చారు. కుటుంబ వాహనంగా, బడిపిల్లల వ్యాన్‌గా, అంబులెన్స్‌గా దేశమంతటా తిరిగిన ఈ వాహనం ఉత్పత్తి కొత్త భద్రతా నిబంధనల నేపథ్యంలో 2019లో నిలిచిపోయింది. అయినా రోడ్లపై ఇంకా కనిపిస్తూనే ఉంది.

తొలి తరాల వ్యాన్‌లలో కార్బొరేటర్, డిస్ట్రిబ్యూటర్ ఉండేవి. ఉద్గార నిబంధనలు కఠినమైన తరువాత వచ్చిన వాటిలో పెట్రోలును కంప్యూటర్ ఆదేశంతో చిమ్మే ఎంపీఎఫ్ఐ విధానం వచ్చింది. తమ వ్యాన్ ఈ రెండింటిలో ఏ రకానికి చెందినదో యజమానికి ముందుగా తెలిసి ఉండాలి. పరీక్షించే పద్ధతి దానినిబట్టే మారుతుంది. ఇంజిన్ ముందు సీట్ల కింద ఉండడం ఈ వ్యాన్‌లో మరో ప్రత్యేకత. సీటు ఎత్తితేనే అది కనిపిస్తుంది. అందువల్ల పెట్రోలు కారినా, పొగ గొట్టం పగిలినా ఆ ప్రభావం నేరుగా ప్రయాణికులు కూర్చునే చోటికే చేరుతుంది.

ముందు మనుషులు, తరువాత ఇంజిన్

వాహనం మొరాయించిన వెంటనే చేయవలసిన మొదటి పని దానిని రోడ్డుకు ఎడమ అంచుకు చేర్చి, ప్రమాద సూచిక దీపాలు వెలిగించడం. ప్రయాణికులను ట్రాఫిక్ లేని వైపు నుంచి దించి, వాహనానికి దూరంగా నిలబెట్టాలి. వెనుక తగినంత దూరంలో ఎర్ర త్రికోణాన్ని ఉంచాలి. జాతీయ రహదారులపై సహాయానికి 1033, అత్యవసర పరిస్థితిలో 112 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

పెట్రోలు వాసన ఘాటుగా వస్తున్నా, పొగ కనిపించినా మళ్లీ తాళం తిప్పి చూడకూడదు. సీటు ఎత్తే ముందు ఇంజిన్ ఆపి ఉందో లేదో చూసుకోవాలి. దరిదాపుల్లో ఎవరూ బీడీ, సిగరెట్ వెలిగించకుండా జాగ్రత్త పడాలి.

డ్యాష్‌బోర్డుపై మూడు సంకేతాలను ఆగీ ఆగగానే గమనించాలి. ఎర్రని ఆయిల్ దీపం వెలిగితే ఇంజిన్‌లో నూనె ఒత్తిడి పడిపోయిందని అర్థం. ఆ స్థితిలో కొన్ని నిమిషాలు నడిపినా బేరింగులు అరిగి ఇంజిన్ పట్టేస్తుంది. ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత దాటితే కూడా వెంటనే ఆపివేయవలసిందే. బ్యాటరీ దీపం వెలిగితే ఛార్జింగ్ ఆగిపోయిందని తెలుసుకోవాలి. చాలా పాత ఇంజిన్లలో ఆల్టర్నేటర్‌ను, నీటి పంపును ఒకే బెల్టు తిప్పుతుంది. కనుక బ్యాటరీ దీపం, ఉష్ణోగ్రత ముల్లు రెండూ ఒకేసారి హెచ్చరిస్తే మొదట అనుమానించవలసింది తెగిన బెల్టునే.

సెల్ఫ్ తిరుగుతోందా, లేదా?

అన్ని అనుమానాలను రెండుగా చీల్చే ప్రశ్న ఇది. తాళం తిప్పినప్పుడు సెల్ఫ్ తిరగకపోతే లోపం విద్యుత్తు వైపు ఉంది. సెల్ఫ్ బాగా తిరిగినా ఇంజిన్ అందుకోకపోతే లోపం నిప్పురవ్వ, పెట్రోలు, కంప్రెషన్ ఈ మూడింటిలో ఒకదానిలో ఉంది.

సెల్ఫ్ తిరగని పక్షంలో హెడ్‌లైట్లు వేసి చూడాలి. లైట్లు మసకగా ఉండి, తాళం తిప్పగానే పూర్తిగా ఆరిపోతే బ్యాటరీ దిగిపోయి ఉండవచ్చు లేదా దాని టెర్మినల్ వదులై ఉండవచ్చు. టెర్మినళ్లపై పేరుకున్న తెల్లని, నీలి పొడిని గీకి బిగించడంతోనే చాలా వాహనాలు కదులుతాయి. లైట్లు ప్రకాశవంతంగా ఉండి, 'టిక్' మన్న శబ్దం మాత్రమే వస్తే సెల్ఫ్ మోటారును గానీ దాని సోలినాయిడ్‌ను గానీ చూడాలి.

మీటరు ఉంటే అంచనా మరింత సులువు. పూర్తిగా ఛార్జ్ అయిన బ్యాటరీ విశ్రాంతిలో దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 దగ్గర ఉంటే సగమే ఉన్నట్టు లెక్క. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనపడింది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య రాకపోతే లోపం ఆల్టర్నేటర్‌దో, బెల్టుదో అవుతుంది. ఆ సందర్భంలో కొత్త బ్యాటరీ వేసినా అది కూడా కొద్ది గంటల్లో దిగిపోతుంది.

సెల్ఫ్ తిరిగినా అందుకోకపోతే..

పెట్రోలు ఇంజిన్ నడవడానికి సరైన సమయంలో నిప్పురవ్వ, సరైన పాళ్లలో పెట్రోలు–గాలి, సిలిండర్‌లో తగిన ఒత్తిడి కావాలి. వీటిలో ఏది లోపించిందో చెప్పే తొలి సాక్షి స్పార్క్ ప్లగ్గు. కొన్నిసార్లు సెల్ఫ్ కొట్టిన తరువాత ప్లగ్గు విప్పి చూస్తే, అది పెట్రోలుతో తడిసి ఉన్నట్లయితే ఇంధనం అందుతోంది, నిప్పురవ్వ రావడం లేదు అని ఊహించవచ్చు. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు.

నిప్పురవ్వ పరీక్షకు మరో మంచి ప్లగ్గును తీగకు తగిలించి, దాని లోహ భాగాన్ని ఇంజిన్‌కు ఆనించి, సెల్ఫ్ కొట్టించి చూస్తారు. నీలిరంగు రవ్వ గట్టిగా దూకితే ఆ విభాగం బాగున్నట్టే. బలహీనమైన పసుపు రవ్వ వచ్చినా, అసలు రాకపోయినా పాయింట్లు, కండెన్సర్, కాయిల్, డిస్ట్రిబ్యూటర్ మూత, తీగలు వరుసగా చూడాలి. ఈ పరీక్షను పెట్రోలు కారిన చోట, వాసన ఉన్న చోట ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. తీగను ఒట్టి చేతితో పట్టుకోరాదు. ఎంపీఎఫ్ఐ వాహనాల్లో ఈ పని మెకానిక్‌కే వదలడం మేలు.

పెట్రోలు అందని సందర్భంలో ముందుగా ట్యాంకు మూత తెరిచి చూడాలి. 'బుస్' మని గాలి లోపలికి వెళ్లిన శబ్దం వచ్చి, ఆ తరువాత ఇంజిన్ అందుకుంటే మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయినట్టు. తరువాత చూడవలసినవి ఫిల్టర్, పంపు, గొట్టాలు. ఎంపీఎఫ్ఐ రకంలో తాళం తిప్పగానే ట్యాంకు వైపు నుంచి ఒకటి రెండు సెకన్లు సన్నని మోత వినిపించాలి. అది వినిపించకపోతే పంపు కంటే ముందు ఫ్యూజును, రిలేను చూడాలి.

సెల్ఫ్ మామూలు కంటే తేలిగ్గా, వేగంగా తిరుగుతూ ఇంజిన్ ఏమాత్రం స్పందించకపోతే టైమింగ్ బెల్టు తెగి ఉండే అవకాశం ఉంది. అప్పుడు పదేపదే సెల్ఫ్ కొట్టడం, వాహనాన్ని నెట్టి స్టార్ట్ చేయడానికి ప్రయత్నించడం మానుకోవాలి.

వేడెక్కితే ఆగి, చల్లబడితే నడిచే వ్యాన్

పాత వాహనాల్లో అత్యంత చికాకు పెట్టే లక్షణం ఇదే. వేసవి మధ్యాహ్నం, నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో ఇంజిన్ ఆగిపోతుంది. అరగంట తరువాత ఏమీ జరగనట్టు అందుకుంటుంది. షెడ్డుకు చేరేసరికి లోపం మాయమవుతుంది. ఫలితంగా ఊహ మీద ఆధారపడి భాగాలు మార్చడం మొదలవుతుంది.

ఈ లక్షణానికి ప్రధానంగా రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, కార్బొరేటర్ వ్యాన్‌లలో వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరై, పంపు దానిని ముందుకు నెట్టలేకపోవడం. రెండోది, వేడెక్కిన ఇగ్నిషన్ కాయిల్ లోపలి చుట్లు పనిచేయడం మానేసి, చల్లబడిన తరువాత మళ్లీ కలవడం. ఎంపీఎఫ్ఐ వాహనాల్లో క్రాంక్ సెన్సార్ కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది.

రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే వాహనం చల్లబడే వరకు ఆగకుండా, ఆగిపోయిన ఆ క్షణంలోనే నిప్పురవ్వను పరీక్షించాలి. రవ్వ గట్టిగా ఉంటే అనుమానం పెట్రోలు వైపు, లేకపోతే కాయిల్ లేదా సెన్సార్ వైపు మళ్లుతుంది. పెట్రోలు గొట్టంపై తడిగుడ్డ కప్పిన కొద్దిసేపటికే ఇంజిన్ అందుకుంటే ఆవిరి అడ్డుపడిందనే అనుమానం బలపడుతుంది.

నడుస్తోంది గానీ లాగడం లేదు

మూడు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కటి పనిచేయకపోయినా శక్తిలో మూడో వంతు పోతుంది. వ్యాన్ వణుకుతూ, కుదుపుతూ నడుస్తుంది. దీనినే మెకానిక్‌లు 'మిస్సింగ్' అంటారు. కార్బొరేటర్ రకంలో ఐడ్లింగ్‌లో ఉండగా ఒక్కొక్క ప్లగ్గు తీగను తొలగించి చూస్తారు. మంచి సిలిండర్ తీగ తీసినప్పుడు ఇంజిన్ వేగం తగ్గుతుంది. ఏ తీగ తీసినప్పుడు మార్పు ఉండదో ఆ సిలిండరే పనిచేయడం లేదు. ఈ పనిని విద్యుత్ నిరోధక పిడి ఉన్న పనిముట్టుతో అనుభవం ఉన్నవారే చేయాలి. ఎంపీఎఫ్ఐ వాహనంలో ఇలా చేస్తే కాలని పెట్రోలు పొగ గొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దానిని పాడుచేస్తుంది.

ప్లగ్గు రంగు కూడా సమాచారమిస్తుంది. లేత గోధుమ రంగు ఆరోగ్యానికి గుర్తు. నల్లని మసి పెట్రోలు ఎక్కువైందని, తెల్లగా కాలిన కొన పెట్రోలు తక్కువైందని లేదా ఇంజిన్ అతిగా వేడెక్కిందని, జిడ్డు నూనె సిలిండర్‌లోకి చేరుతోందని చెబుతాయి.

రాంచీ దారిలోని ఎత్తుపల్లాల వంటి చోట్ల మాత్రమే శక్తి తగ్గి, చదునైన రోడ్డుపై బాగానే నడుస్తుంటే పెట్రోలు ఫిల్టర్ పూడుకుపోయి ఉండవచ్చు. అయితే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ మోత పెరుగుతూ, వ్యాన్ వేగం మాత్రం పెరగకపోతే లోపం ఇంజిన్‌లో లేదు, అరిగిన క్లచ్‌లో ఉంది. ఈ తేడా తెలియక ఇంజిన్ విప్పించి నష్టపోయేవారు తక్కువేమీ కాదు.

వానాకాలంలో మిస్సింగ్ మొదలైతే డిస్ట్రిబ్యూటర్ మూతలో, ప్లగ్గు తీగలపై తేమ చేరిందేమో చూడాలి. పొడిగుడ్డతో తుడిచి ఆరబెడితే చాలాసార్లు సర్దుకుంటుంది. తీగలు పగుళ్లు బారి ఉంటే మార్చాలి. స్వర్ణరేఖ, ఖర్‌కాయి నదులు పొంగినప్పుడు నగరంలోని లోతట్టు ప్రాంతాల్లో నీరు నిలుస్తుంది. అలాంటి నీటిలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకూడదు. గాలి ఫిల్టర్ ద్వారా నీరు సిలిండర్‌లోకి చేరి ఉంటే, పిస్టన్ దానిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వాహనాన్ని నెట్టి బయటకు తెచ్చి, ప్లగ్గులు విప్పి నీరు పోయిన తరువాతే సెల్ఫ్ కొట్టాలి.

నీరు మరిగితే తొందర పనికిరాదు

వేడెక్కిన రేడియేటర్ మూత తీయడం కాలిన గాయాలకు దారితీస్తుంది. కనీసం అరగంట చల్లబడనిచ్చి, మందపాటి గుడ్డతో నెమ్మదిగా తిప్పాలి. మరిగిన ఇంజిన్‌పై చన్నీళ్లు కుమ్మరిస్తే లోహం పగుళ్లు తీస్తుంది.

కూలెంట్ తగ్గి ఉంటే గొట్టాలు, పంపు, రేడియేటర్ కారుతున్నాయేమో చూడాలి. ఎక్కడా కారకుండా తగ్గుతుంటే అనుమానం హెడ్ గ్యాస్కెట్‌పైకి మళ్లుతుంది. ఆయిల్ మూత అడుగున పాలు కలిపిన కాఫీ రంగు నురగ, ఇంజిన్ వేడెక్కిన తరువాత కూడా ఆగని తెల్లపొగ దీనికి గుర్తులు. చలికాలం ఉదయం కాసేపు వచ్చే ఆవిరిని చూసి కంగారు పడనక్కరలేదు. రోడ్డుపై నడుస్తుంటే చల్లగా ఉండి, ట్రాఫిక్‌లో ఆగినప్పుడే వేడెక్కితే రేడియేటర్ ఫ్యాను, దాని స్విచ్చు చూడాలి. వేగంగా వెళ్లినప్పుడే వేడెక్కితే రేడియేటర్ పూడుకుపోవడమో, థర్మోస్టాట్ తెరుచుకోకపోవడమో కారణం కావచ్చు.

పొగ రంగు ఇక్కడ కూడా సాక్ష్యమే. నీలిపొగ నూనె కాలుతోందని, నల్లపొగ పెట్రోలు ఎక్కువ అవుతోందని, ఆగని తెల్లపొగ నీరు సిలిండర్‌లోకి చేరుతోందని సూచిస్తాయి.

ఇథనాల్ పెట్రోలు, పాత రబ్బరు

దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు విక్రయం 2023 ఫిబ్రవరిలో ప్రారంభమై, తరువాత దేశమంతటికీ విస్తరించింది. నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన ప్రణాళిక పత్రం ప్రకారం, మొదట ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి 10 శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన నాలుగు చక్రాల వాహనాల్లో మైలేజీ 6 నుంచి 7 శాతం వరకు తగ్గవచ్చు. కొన్ని పాత వాహనాల్లో రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చని కేంద్ర పెట్రోలియం శాఖ కూడా పేర్కొంది.

ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలకుండా నిలిపి ఉంచిన వ్యాన్ ట్యాంకులో నీరు అడుగుకు చేరి, స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే ఇంజిన్ ఆగిపోయేలా చేయవచ్చు. కనుక పాత వ్యాన్ ఉన్నవారు గొట్టాలు ఉబ్బి, మెత్తబడి, పగిలి ఉన్నాయేమో క్రమం తప్పకుండా చూసుకోవాలి. సీటు కిందే ఇంజిన్ ఉన్న వాహనంలో కారే పెట్రోలు గొట్టం అగ్నిప్రమాదానికి దారి.

అదే విధంగా పొగ గొట్టం పగిలితే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరవచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు. అద్దాలు మూసుకుని ప్రయాణిస్తున్నప్పుడు ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, మగత, వికారం కలిగితే వెంటనే ఆపి బయటకు రావాలి. ఇంటి వంటగ్యాస్ సిలిండర్‌తో వాహనం నడపడం చట్టవిరుద్ధం, ప్రాణాంతకం కూడా.

బాగు చేయించాలా, వదిలేయాలా?

ఈ నిర్ణయానికి కంప్రెషన్ పరీక్ష ఆధారమవుతుంది. ప్లగ్గుల స్థానంలో మీటరు బిగించి ఒక్కొక్క సిలిండర్ ఒత్తిడిని కొలుస్తారు. మూడింటిలో దాదాపు సమానమైన ఒత్తిడి ఉంటే ఇంజిన్ మూలం గట్టిగా ఉన్నట్టే. ఒకదానిలో బాగా తక్కువ ఉంటే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. ఒత్తిడి పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్ దెబ్బతిన్నట్టు. పక్కపక్క సిలిండర్లు రెండింటిలోనూ తక్కువ ఉంటే వాటి మధ్య గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. ఇంజిన్ విప్పడానికి అంగీకరించే ముందు ఈ పరీక్ష చేయించమని కోరడం యజమాని హక్కు.

సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తరువాత ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ పునరుద్ధరణ రుసుములు గణనీయంగా పెరిగాయి. అందువల్ల మరమ్మతు ఖర్చును మాత్రమే కాక, పునరుద్ధరణ రుసుమును, ఛాసిస్‌కు పట్టిన తుప్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. గుర్తింపు పొందిన తుక్కు కేంద్రంలో వాహనాన్ని అప్పగిస్తే ఇచ్చే ధ్రువపత్రంతో, కొత్త సొంత వాహనంపై రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇచ్చేందుకు కేంద్ర నిబంధనలు వీలు కల్పించాయి.

మెకానిక్‌కు చెప్పవలసినవి

'బండి ఆగిపోయింది' అన్న ఒక్క మాట కంటే నాలుగు వివరాలు ఎక్కువ ఉపయోగపడతాయి. ఇంజిన్ ఒక్కసారిగా ఆగిందా, కుదుపుతూ ఆగిందా? అప్పుడు వేడిగా ఉందా, చల్లగా ఉందా? ఏ దీపాలు వెలిగాయి? చివరిసారి ఏ భాగం మార్చారు, ఎక్కడ పెట్రోలు పోయించారు? స్విచ్చు కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగితే సాధారణంగా విద్యుత్తు లోపం, కుదుపుతూ నీరసించి ఆగితే సాధారణంగా పెట్రోలు లోపం అవుతుంది.

ఒక సమయంలో ఒకే భాగం మార్చి ఫలితం చూడాలి. నాలుగైదు భాగాలు ఒకేసారి మార్చితే బండి నడిచినా అసలు లోపం ఏమిటో తెలియదు. విప్పిన పాత భాగాలను అడిగి తీసుకోవాలి. మార్పించిన తేదీ, కిలోమీటర్లు ఒక చిన్న పుస్తకంలో రాసి వ్యాన్‌లోనే ఉంచితే, మరో ఊరి షెడ్డులో వ్యాన్ ఆగిన రోజున అక్కడి మెకానిక్‌కు అదే మొదటి ఆధారమవుతుంది.